బూటు కింద ముళ్ళు

ఆ చలికాలమంతా మా ఇంట్లో నా కాళ్ళ గురించి తప్ప మరో మాట లేదు.

మొదలైంది నవంబరులో. రాత్రి కురిసిన వాన నేలను తాకుతూనే ఐసైపోయింది. తెల్లారేసరికి ఇంటి ముందు వాలు గాజుపలకలా ఉంది. మా ఆవిడ గున్‌వోర్ ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే చోట పనిచేస్తుంది. ఆ ఉదయం పనికి బయల్దేరుతూ గుమ్మంలో ఆగింది.

"ఇంకొక్కసారి పడ్డావో, కుక్కని మా తమ్ముడు ఐలర్ట్ పట్టుకుపోతాడు. వాడికి చెప్పేశా కూడా."

"పడేది నేను. శిక్ష కుక్కకా?"

"దానికేం శిక్ష? అక్కడ పొలముంది, గొర్రెలున్నాయి, మా మరదలు పెట్టే తిండుంది. శిక్ష నీకే. నీకు ముందే తెలియాలని చెప్తున్నా."

తలుపు వేసుకుని, కంచె పట్టుకుని, బాతులా అడుగులేస్తూ దిగిపోయింది. తనకి మాత్రం ఏ ఐసూ ఏమీ చేయదు. తను పడదు. మా పెళ్ళయినప్పటినుంచీ పడలేదు.

నేను పడ్డాను. అంతకు ముందు మార్చిలో, సముద్రం ఒడ్డు బాట మీద, కుక్క కుందేలును చూసి లాగితే పడ్డాను. తుంటి విరిగింది. డాక్టర్లు లోపల ఇనుము పెట్టి కుట్టారు. పదిహేనో ఏట బడి మానేసి ఓడల రేవులో చేరినవాణ్ణి. ముప్ఫై ఏళ్ళకు పైగా ఓడల పొట్టలకు తుప్పు గీకి రంగులు వేశాను. తుంటి విరిగాక రేవువాళ్ళు పూలగుత్తి పంపారు. ఆ తర్వాత మీకు తగిన పని మా దగ్గర లేదని చెప్పారు. పూలు ముందు, మాట తర్వాత. చదువుకున్నవాళ్ళ మర్యాద అలాగే ఉంటుంది.

కుక్క పేరు స్కార్వ్. మావైపు నీటికాకిని అలా అంటారు. బూడిదరంగు వేటకుక్క, దుప్పిని అడవిలో నిలబెట్టి మొరిగే జాతి. దానికి దుప్పులు దొరక్క నన్ను లాగుతుండేది. నేను దాన్ని తిప్పుతున్నానని వీధి అంతా అనుకునేవారు. నిజానికి అదే నన్ను తిప్పేది. పని పోయాక నేను సోఫాలోంచి లేవడానికి ఇంట్లో మరో కారణం లేదు. ఆ సంగతి గున్‌వోర్‌కీ తెలుసు. తెలిసే ఆ మాట అంది. అందుకే ఆ మాట అంత పదునుగా తగిలింది.

ఆ రోజే రేవు దగ్గరి ఇనప సామాన్ల కొట్టుకి వెళ్ళాను. బూటు కింద తొడిగే ముళ్ళ తొడుగులు గోడ మీద వరసగా వేలాడుతున్నాయి. కొట్టు నడిపే ఆస్‌లౌగ్ నాతో బడిలో కూర్చున్న మనిషే. నేను మానేశాక కూడా తను చదివింది. చదివి ఏం చేసింది, మేకులు అమ్ముతోంది.

"ఎవరికి? మీ అమ్మకా?"

"మా అమ్మ పోయింది ఆస్‌లౌగ్. పాతిపెట్టిన రోజు నువ్వు కేకు తినడానికి కూడా వచ్చావు."

"అవును కదూ. పోనీలే, ఆవిడిక జారదు."

"నాకే."

తను కళ్ళజోడు ముక్కు మీదికి దించి నన్ను చూసింది. "నీకా! ఓడ అంచు మీద తాడు లేకుండా నడిచినవాడివి. ముళ్ళు ముసలమ్మలకని నువ్వే కదా అన్నావు, ఈ కొట్లోనే నిలబడి."

"ముసలమ్మలు చాలా తెలివైనవాళ్ళు. ఏది మంచిదో చెప్పు."

"అది ఐసుని బట్టీ, మనిషిని బట్టీ ఉంటుంది. కుక్కుందా?"

"ఉంది."

"లాగుతుందా?"

"దాని పనే అది."

నేను మడమకి మాత్రమే ఉండే రకం తీసుకున్నాను. ముళ్ళున్న పలక మడమ కింద ఉంటుంది, అక్కర్లేనప్పుడు పైకి మడిచేయొచ్చు. ఎందుకది నచ్చిందో ఆస్‌లౌగ్‌కి చెప్పలేదు. గడప అంచుకు ఆ కాలూ ఈ కాలూ తన్నితే చాలు, దానంతటదే మడుచుకుంటుంది. చేత్తో ముట్టుకోనక్కర్లేదు.

నాకు కావాల్సింది అదే. కుడి తుంటి సరిగా వంగేది కాదు. చేతులు బూటు దాకా వెళ్ళేవి కావు. పొడవాటి చెంచాలాంటి కర్రతో కాళ్ళు బూట్లలోకి దూర్చుకునేవాణ్ణి. మేజోళ్ళయితే ఆదివారం వేసినవి మళ్ళీ ఆదివారం దాకా కాళ్ళకే ఉండేవి. "పందిలా తయారయ్యావు" అనేది గున్‌వోర్. పంది అనిపించుకోవడం నయమనిపించేది. ఆసుపత్రిలో వ్యాయామం చేయించే అమ్మాయి ఒకతె ఉండేది, ఇరవై అయిదేళ్ళుంటాయి, "మీ ఒళ్ళు చెప్పేది వినండి" అనేది. నా ఒళ్ళు చెప్పేవన్నీ బూతులే. వంగుతోందా అని అడిగితే వంగుతోందన్నాను.

మడమ ముళ్ళు మామూలు మనిషికి సరిపోతాయి. కుక్క ఉన్నవాడికి సరిపోవు. స్కార్వ్ ముందుకు లాగితే ఒంటి బరువంతా మునివేళ్ళ మీదికి వస్తుంది. అక్కడ ముళ్ళు లేవు. మడమ గాల్లో, వేళ్ళు ఐసు మీద, నేను దీపస్తంభాన్ని కౌగిలించుకుని. ఎదురింటి కిటికీలోంచి ఎవరో చూశారు. వాళ్ళకి చెయ్యి ఊపాను, స్తంభాన్ని వదలకుండానే.

తర్వాతది స్ప్రింగు తీగలు చుట్టిన రబ్బరు వల. ఆస్‌లౌగే నా బూట్లు బల్ల మీద పెట్టుకుని తొడిగి ఇచ్చింది. తొక్కి గట్టిపడ్డ మంచు మీద అది బాగానే పట్టింది. వాన పడి నున్నబడిన ఐసు మీద మాత్రం వెన్న రాసుకున్నట్టే. సగం దారిలోంచి కంచె పట్టుకుని ఇంటికొచ్చాను. స్కార్వ్ దారి పొడవునా వెనక్కి చూస్తూ, ఈ ముసలాడికేమైందన్నట్టు మొహం పెట్టింది.

ఆ తర్వాత గొలుసుల రకం. గొలుసు కింద కోరలున్న పలకలు. పర్వతాలెక్కేవాళ్ళు వాడతారట. ఐసుని కరిచి పట్టుకున్నాయి, నిజమే. కానీ నడుస్తుంటే జైల్లోంచి పారిపోయిన ఖైదీలా చప్పుడు. పైగా మలుపు దగ్గర స్కార్వ్ నా కాళ్ళకి అడ్డం తిరిగింది, దాని పంజా మీద కాలేశాను. అది అరిచిన అరుపు రేవు దాకా వినబడి ఉంటుంది. పెద్ద గాయమేమీ కాలేదు. ఆ పై వారమంతా అది పట్టీ చివరంటా దూరంగా నడిచింది, నా బూట్ల వైపే చూస్తూ.

"మళ్ళీ వచ్చావా?" అంది ఆస్‌లౌగ్. "ఈ గోడంతా నువ్వే కొనేలా ఉన్నావు."

"కుక్క లాగినా పడనివి, దాని కాలు తొక్కినా కోసుకుపోనివి ఇవ్వు."

"మొదటిరోజే అవి చూపిద్దామనుకున్నా. నువ్వు విన్నావా?" అడుగున ఉన్న పెట్టెలోంచి తీసింది. మందపాటి నల్ల రబ్బరు, అరికాలంతా పట్టేది, ముందూ వెనకా పొట్టి ఉక్కు మొనలు. "ఇవి పడనివ్వవు. తొడగడమే నరకం. చలికి రబ్బరు బిగుసుకుంటుంది. కూర్చుని, కాలు మీద కాలేసుకుని, వేళ్ళ వైపు ముందు తగిలించి మడమ వైపు లాగాలి. రోజూ తీసెయ్. అలాగే వదిలేస్తే సాగిపోతాయి."

"తీస్తాలే."

తనే తొడిగి ఇచ్చింది. నేను తియ్యలేదు. బూట్లతో పాటే వసారాలో ఉండిపోయాయి. పొద్దున కాళ్ళు దూర్చుకుని, గోడ పట్టుకుని, నేల మీద కరకరమంటూ తలుపు దాకా నాలుగడుగులు.

అవి బిగిశాక డిసెంబరు బాగా గడిచింది. మావైపు సూర్యుడు అసలు ఉదయించని నెల. మధ్యాహ్నం కూడా వీధి దీపాల కిందే నడక. నల్లటి ఐసు మీద అడుగేస్తే మేకు దిగినట్టు చిన్న చప్పుడు. స్కార్వ్ లాగేది, నేను కదిలేవాణ్ణి కాదు. అది ఆశ్చర్యంగా వెనక్కి చూసేది. చేతుల్లో రెండేసి కర్రలు పట్టుకుని మెల్లగా నడిచే ఆఫీసు మనుషులను దాటుకుని వెళ్ళేవాళ్ళం. వాళ్ళని దాటడం నాకు ఇష్టం. దాటాక వెనక్కి చూడకపోవడం ఇంకా ఇష్టం.

ఒక సాయంత్రం గున్‌వోర్ వసారాలో దీపం పట్టుకుని నేల చూస్తోంది.

"ఈ గీతలు చూశావా? ఈ కుక్క గోళ్ళు ఎంత పెరిగాయో! నేలంతా దున్నేసింది."

"అవును," అన్నాను.

స్కార్వ్‌ని ఒళ్ళోకి లాక్కుని గోళ్ళు కత్తిరించింది. దానికి గోళ్ళు కత్తిరించడమంటే చావు. ఆ పని జరుగుతున్నంతసేపూ అది నా వైపే చూసింది. నేను వార్తలు చూశాను.

వారం తిరిగేసరికి మళ్ళీ గీతలు. మళ్ళీ కత్తిరించింది.

జనవరిలో ఒక శనివారం గున్‌వోర్ పని దగ్గర్నుంచి ఫోన్ చేసింది. తమ్ముడు మంచి చేప పంపాడట, బంగాళాదుంపలు తెచ్చిపెట్టమంది. సరుకుల కొట్టుకి నేనుగా ఎప్పుడూ వెళ్ళేవాణ్ణి కాదు. దాని తలుపు మీద ముళ్ళ బూటు బొమ్మ, దాని మీద ఎర్రగీత ఉంటాయి. పక్కన బెంచీ ఉంటుంది. అందరూ అక్కడ కూర్చుని ముళ్ళు తీసి, చేతికి తగిలించుకుని లోపలికి పోతారు. ఉక్కుకి ఐసంటే ఎంత ప్రేమో నున్నటి రాతిపలకంటే అంత పగ. ఇక్కడ నడక నేర్చిన ప్రతి పిల్లకీ తెలుసు ఆ సంగతి. నాకూ తెలుసు.

కుక్కని బయట కట్టాను. బెంచీ నిండా జనం. ఒక ముసలాయన ముళ్ళు తీసుకుని లేచి, నాకు చోటిచ్చి, "కూర్చో బాబూ" అన్నాడు. ఆయనకు ఎనభై దాటి ఉంటాయి.

"అక్కర్లేదు," అని లోపలికి నడిచాను.

పాలు, చేపలు దాటాను. మెల్లగా, అరికాలు మొత్తం ఆనించి, చక్రాలబండి పట్టుకుని నడిచాను. బంగాళాదుంపల దగ్గర సంచీ అందుకోవడానికి బండి వదిలాను. అంతే. నేను వెల్లకిలా ఉన్నాను, దుంపలు నా చుట్టూ దొర్లుతున్నాయి. నొప్పి పెద్దగా లేదు. లేవడమే రాలేదు. ఇద్దరు మగవాళ్ళు చెరో రెక్క పట్టి లేపారు. డబ్బు తీసుకునే చోట ఉన్న ఆవిడ గున్‌వోర్‌తో చర్చిలో పాడుతుంది.  నేను తలుపు దాటకముందే ఫోన్ తీసింది.

సాయంత్రం గున్‌వోర్ కోటు విప్పకుండానే వంటగదిలోకి వచ్చి దుంపల తొక్క తీయడం మొదలుపెట్టింది.

"బెంచీ ఉంది కదా అక్కడ?"

"ఉంది."

"బొమ్మ కూడా ఉంది. బడి మానేసినవాడికి కూడా అర్థమయ్యే బొమ్మ."

"చూశా."

"మరి?"

"జనం ఎక్కువున్నారు."

"ఉంటే? నిన్నేమైనా గుడ్డలిప్పమన్నారా? ముళ్ళు తియ్యమన్నారు. తొంభై ఏళ్ళవాళ్ళు తీస్తున్నారు."

"తొందరలో ఉన్నా."

"తొందరా! నీకు! సోఫా ఎక్కడికైనా పారిపోతుందా?"

స్కార్వ్ బల్ల కింద పడుకుని తొక్కల కోసం చూస్తోంది. కిటికీ మీద సన్నగా వాన మొదలైంది.

"వంగలేను," అన్నాను.

ఆవిడ చేతిలో కత్తి ఆగింది. కాసేపటికి మళ్ళీ కదిలింది.

"ఎప్పట్నుంచి?"

"మార్చి నుంచి."

"డాక్టరుకి?"

"వంగుతున్నానని చెప్పా."

తిరిగి నా కాళ్ళకేసి చూసింది, మేజోళ్ళకేసి. తర్వాత వసారా వైపు వెళ్ళి దీపం వేసింది. నేల మీది గీతల్నీ, ముళ్ళు ఊడదీయని నా బూట్లనీ చూసింది. వచ్చి, గోధుమరంగు జున్ను మందంగా ఒక ముక్క కోసి కుక్క నోట్లో పెట్టింది. "తప్పయిపోయిందిరా," అంది దానితో. 

గండం గడిచిందనుకున్నాను. ఆవిడ చెయ్యి తుడుచుకుని తమ్ముడికి ఫోన్ చేసింది.

"నేను పడింది కొట్లో," అన్నాను. "ఐసు మీద కాదు. ఐసు మీద ఈ చలికాలం ఒక్కసారి కూడా పడలేదు."

"ఇదేమన్నా పందెమా టోర్‌లైఫ్, గీత అటా ఇటా అని చూడ్డానికి? నిన్ను లేపడానికి ఇద్దరు కావలసొచ్చారు. సముద్రం ఒడ్డున లేపేదెవరు? ఇదా?"

తన గురించే మాట్లాడుతున్నారని స్కార్వ్ తోక ఊపింది.

ఐలర్ట్ మరుసటి ఆదివారం వచ్చాడు. వచ్చాడంటే వాలు కింద దాకా వచ్చాడు. రెండురోజులు వాన పడి, గాలి వీచి, వాలంతా అద్దమైంది. కారు సగం ఎక్కి, మళ్ళీ జారి, మొదటికొచ్చింది. ఫోన్‌లో అతని గొంతు గదంతా వినబడింది.

"అక్కా, ఇల్లు కొండకొమ్మున కట్టుకోమని నీకెవరు చెప్పారు? కుక్కని వదిలెయ్, అదే దిగొస్తుంది."

"వదిలితే పక్కింటి పిల్లి దగ్గరికి దిగుతుంది. ఆగు, నేను తెస్తా."

కోటు వేసుకుని తలుపు తీసింది. ఒక అడుగు బయట పెట్టి, ఆ అడుగు వెనక్కి తీసుకుంది. అలా చేయడం నేను చూడలేదు ఎప్పుడూ. ఐసుని చూసింది, నన్ను చూసింది.

"కూర్చో," అంది.

మెట్టు మీద కూర్చున్నాను. నా ముళ్ళ తొడుగులు ఆవిడే ఊడదీసి, కడిగి, పొయ్యి దగ్గర ఆరేసి ఉంచింది. వాటిని తెచ్చి నా ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"కాలు ఇలా ఇవ్వు."

వేళ్ళ వైపు తగిలించింది, లాగింది. జారిపోయింది. మళ్ళీ లాగింది. "వీటిని చేసినవాడి తలకి తొడగాలి వీటిని," అంది పళ్ళు బిగించి. నేను కిందికి చూశాను. ఆవిడ నడినెత్తి ఇంత తెల్లబడిందని నాకు తెలియదు. రోజూ ఎదురెదురుగా కూర్చుని తినే మనుషులం.

"ఆ కాలు."

రెండో కాలు ఇచ్చాను.

స్కార్వ్‌తో బయటికి నడిచాను. గాలి పక్కనుంచి తోస్తోంది. పట్టీ కురచగా పట్టుకున్నాను. అది కింద కారుని చూసింది, ఐలర్ట్‌ని గుర్తుపట్టింది, ఇక లాగడమంటే ఏమిటో చూపించింది. ముళ్ళు దిగాయి. అడుగు మొత్తం ఆనించడం, దిగాయని తెలిసేదాకా ఆగడం, రెండో అడుగు. మధ్యలో నీళ్ళు పారుతున్న చోట ఒక్కసారి కుడికాలు కాస్త కదిలింది. నిలదొక్కుకున్నాను. కిందికి చేరాను.

ఐలర్ట్ కారు తలుపుని రెండు చేతుల్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు, కాళ్ళు రెండూ రెండు దిక్కులకి పోతున్నాయి.

"మేకలా దిగావు కదయ్యా బావా! ఇట్లా నడిచేవాడి దగ్గర్నుంచి కుక్కని లాక్కోవడమేంటి?"

"మీ అక్కనడుగు."

"అమ్మో. నువ్వే అడుగు. నాకింకా పెళ్ళాంపిల్లలున్నారు."

వెనక తలుపు తీశాడు. లోపల్నుంచి గొర్రెల వాసన గుప్పున వచ్చింది. స్కార్వ్ ఒక్క గెంతులో ఎక్కేసి, నేలంతా వాసన చూస్తూ అటు తిరిగిపోయింది. నా వైపు చూస్తుందేమోనని కాసేపు పట్టీ వదల్లేదు. చూడలేదు. దాని తప్పేం లేదు. గొర్రెల వాసన ముందు నేనెంత.

"ఐసు కరిగేదాకానే," అన్నాడు ఐలర్ట్. ఒక సంచీ నా చేతికిచ్చాడు. "మాంసం. మొన్ననే కోశాం."

"కుక్కకి మారుగానా?"

"ఛీ, ఏం మాటలు బావా! వండుకోండని."

కారు మలుపు తిరిగేదాకా ఉండి, సంచీ పట్టుకుని పైకెక్కాను. ఎక్కడం సులువుగానే ఉంది. లాగేవాళ్ళు లేరు. గున్‌వోర్ తలుపు బార్లా తీసి అక్కడే నిలబడి ఉంది. అంతసేపూ అలాగే ఉందేమో, ఇల్లంతా చల్లబడిపోయింది.

"తలుపు వేసుకోవచ్చుగా. ఇల్లు వెచ్చబెట్టే కరెంటేమన్నా ఊరికే వస్తుందా?"

"కాలు ఇలా ఇవ్వు," అంది.

ఆ వారం నేనెలా గడిపానో చెప్పను. గడియారం చూడకపోయినా నడక వేళకి కాళ్ళు తెలిసిపోయేవి. లేచేవాణ్ణి, కిటికీ దాకా వెళ్ళేవాణ్ణి, కూర్చునేవాణ్ణి, మళ్ళీ లేచేవాణ్ణి. వంటగదిలో నీళ్ళగిన్నె అక్కడే ఉంది. దాన్ని తియ్యమని ఆవిడ అనలేదు, నేనూ తియ్యలేదు. రాత్రి భోజనాలయ్యాక ఆవిడ తమ్ముడికి ఫోన్ చేసి, "తింటోందా? మొరుగుతోందా?" అని అడిగేది. నేను టీవీ గొంతు తగ్గించేవాణ్ణి, వార్తలు సరిగా వినడానికి.

వారాంతంలో పని నుంచి త్వరగా వచ్చింది. చేతిలో ఇనప సామాన్ల కొట్టు సంచీ. మెట్టు మీద కూర్చుంది.

"లే. కాలు ఇవ్వు."

"ఎక్కడికి? కుక్కేదీ?"

"కుక్క లేకపోతే కాళ్ళు లేవా?"

నావి తొడిగింది. తర్వాత సంచీలోంచి తనవి తీసింది. జీవితంలో పడనని చెప్పే మనిషి. అచ్చం నావే, మందపాటి రబ్బరు, అరికాలంతా పట్టేవి.

"నీకు ఇంత బరువువి ఎందుకు?" అన్నాను. ఈ ఒక్క విషయంలో ఈ ఊళ్ళో నాకంటే తెలిసినవాడు లేడు. "నన్నడిగి ఉంటే చెప్పేవాణ్ణి. ఈ రకం లాగే కుక్క ఉన్నవాళ్ళకి. కుక్క లేనివాళ్ళకి మడమవి చాలు."

ఆవిడ తల ఎత్తలేదు. మడమ వైపు రబ్బరు లాగుతూ ఊపిరి బిగబట్టింది.

"మనం కుక్క లేనివాళ్ళమా?" అంది.

బయటికి వచ్చాం. కొండ వెనక ఆకాశం కొద్దిగా ఎర్రబడి ఉంది, ఆ సంవత్సరంలో మొదటిసారి. ఆవిడ ఎప్పట్లాగే నాకంటే రెండడుగులు ముందు వెళ్ళింది. వాలు మొదలయ్యే చోట ఆగి, వెనక్కి చెయ్యి చాచింది. పట్టుకున్నాను. నన్ను నిలబెట్టడానికా, తను నిలబడడానికా అని అడిగితే తిడుతుంది. అడగలేదు. దిగడం మొదలుపెట్టాం.